మార్చు

బట్టల కార్ఖానాలో సగం గుండీలు కుట్టిన చొక్కాను బల్ల మీదే వదిలేసి, మేస్త్రీ తిట్లు వినపడుతూండగానే, తల్లి, కొడుకు పగలంతా ఉండే శిక్షణ కేంద్రానికి పరుగున వచ్చింది. పొద్దున ఇంట్లో వాడు స్టవ్ మీద టీ పెట్టి మరిచిపోయాడు. గిన్నె మాడి, కిటికీ తెర అంటుకుంది. కిందటేడు వాడే టీ కాచి, స్టవ్ ఆపి, తల్లికి ఓ గ్లాసు ఇచ్చినవాడు. ఇక్కడ వాడికేం నేర్పుతున్నారో అడగాలని ఆమె పని మధ్యలో లేచొచ్చింది.

స్కిజోఫ్రీనియా మందులతో చెవిలో గొంతులు తగ్గాయి గాని, ధ్యాస కుదరలేదు. అది కుదిర్చింది ఇక్కడి టీచరమ్మ. ముందర గుండీలు పోసి రంగుల వారీగా వేరు చెయ్యమనేది. చెయ్యి అలవాటు పడగానే "మార్చు" అనేది. అప్పుడు అవే గుండీలను రెండు చిల్లులవి ఓ పక్కకి, నాలుగు చిల్లులవి ఓ పక్కకి తియ్యాలి. ఆ ఒక్క మాటతో బుద్ధి ఒక పట్టు వదిలి ఇంకోటి పట్టుకోవడం నేర్చుకుంటుందని చెప్పేది. ఆమె జీతం దండగని కేంద్రం మేనేజరు ఆమెను పంపేశాడు.

గదిలో ఉతకని బట్టల కంపు. పొడుగాటి బల్ల చుట్టూ వంచిన తలలు. కొడుకు ముందు గోనెసంచి నిండా గుండీలు, రంగుకో పళ్లెం. తల్లి ఒక గుండీ తీసి చూసింది.

"ఇవి మా కార్ఖానావి కదూ సార్?"

మేనేజరు అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. "అయితే ఏంటమ్మా? మీవాడికి వైద్యమూ అవుతోంది, మీ కార్ఖానా నడిపే మా బావమరిదికి పనీ అవుతోంది."

"వైద్యమా? మార్చమని చెప్పేవాళ్లేరి?"

"మారిస్తే సరుకంతా కలిసిపోదూ?" అతను పుల్ల కొసన అంటింది చూసుకుని మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. "నచ్చకపోతే తీసుకుపో. ఇంట్లో కట్టేసుకో."

ఆ గుండీలు కుట్టి, దారం కొరికిన నోరు ఆమెకు చేదెక్కింది.

"లే నాన్నా, పోదాం."

వాడు లేవలేదు. "టీచరమ్మ రాలేదమ్మా."

"ఇక రాదురా."

"మరి మార్చమని ఎవరు చెప్తారు?"

వాడు ముందున్న పళ్లేల వంక చూశాడు.

"మార్చు," అన్నాడు తనకు తనే.

వేరు చేసిన గుండీల పళ్లేలన్నీ బల్ల మీద గుమ్మరించాడు. తెల్లవీ నల్లవీ కలగలిసిపోయాయి. నింపాదిగా రెండు చిల్లులవి ఏరడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్ పిచ్చినాయాలా!" మేనేజరు లేచాడు. తల్లి అడ్డం నిలబడింది.

ఎదురుగా కూర్చున్న, నెలల తరబడి మాటే లేని ఆడమనిషి, తన పళ్లెం అంచు పట్టుకుని పైకెత్తింది.