ఈగలు లేని పూత

“షీబా, మన మామిడి చెట్లన్నీ పూశాయి!” అని క్రాంతి తోటలోంచి ఫోన్‌లో అరిచాడు. మా పెళ్లై నెల కూడా కాలేదు. ఆ కేక విని వంటింట్లోనే గిర్రున తిరిగాను. నిరుడు కాపే లేదు. ఈసారీ లేకపోతే తోట అమ్మేస్తానని మామయ్య చిన్నరాయప్పగారు తేల్చి చెప్పారు.

సంతోషం పట్టలేక మామయ్య చెట్ల కిందే కృతజ్ఞత ప్రార్థన, భోజనాలు పెట్టించారు. పాస్టర్‌గారి విస్తరి మీద ఈగలు వాలకూడదని ముందురోజే తోటంతా మందు కొట్టించారు.

నాలుగు రోజులైనా పూల మీద ఒక్క ఈగ వాలలేదు. జువాలజీ చదివినదాన్ని, నాకు భయం పట్టుకుంది.

“మామయ్యగారూ, మామిడికి తేనెటీగల కంటే ఈగలే ఎక్కువ పనికొస్తాయని ఈమధ్య పరిశోధనల్లో చాలాచోట్ల తేలిందండీ. పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి చేర్చేది అవే. అవి రాకపోతే పిందె సరిగా పడదు.”

“ఈగలా? యాభై ఏళ్లుగా తోలుతున్నానే అమ్మా!” నవ్వబోయి ఆగిపోయారు. “మరి మళ్లీ వస్తాయా?”

“కొందరు రైతులు చేపల వ్యర్థాలు వేలాడదీసి రప్పిస్తున్నారండీ.”

“అబ్బా, కంపు!” అన్నాడు క్రాంతి.

“నువ్వు ముక్కు మూసుకోరా,” అని మామయ్య లేచారు. “రేపు తెల్లారగానే హనుమాన్ జంక్షన్ వెళ్లి రెండు బస్తాల చేప తలకాయలు తెస్తాను. మీరిద్దరూ చెట్లకి కట్టండి.”