అంచు ఫొటో పంపు

ఇవాళ పొద్దున్న ఆరింటికి నీళ్ళు ఇలా ఉన్నాయి: పైన గోరువెచ్చన, చీలమండల దగ్గర చల్లన. రంగు పల్చటి టీ. నాచు తక్కువే. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు. పోటు ఎనిమిదింపావుకి.

మన గాలాల గ్రూపులో పెట్టానో లేదో నలభై బొటనవేళ్ళు పడ్డాయి. దర్జీ బాబాయ్ మాత్రం మామూలుగానే, "అంచు ఫొటో పంపు" అన్నాడు. పంపాను. ఇసుకతో, తడితో నా పైజామా అంచు. కొత్తగా చేరినవాళ్ళు ఇదేం పిచ్చిరా బాబూ అనుకుంటున్నారు కదా, అందుకే చెప్తున్నా.

జెట్టీ పక్కన మా మేనత్తకి ఎరల కొట్టుండేది. తుప్పు పట్టిన రేకుల గది, లోపల ఐసు పెట్టెలో రొయ్యలు, బయట గోడకి నల్లబోర్డు. చేప ఎక్కడుందో అత్త ఒక్కనాడూ రాయలేదు. నీళ్ళెలా ఉన్నాయో రాసేది, అంతే. రాసేముందు కట్టుకున్న చీరతోనే మోకాలి లోతుకి దిగేది. గాలాలు వేసేవాళ్ళు ముందు ఆవిడ చీర అంచు తడిసిందా అని చూసేవాళ్ళు, తర్వాతే బోర్డు.

ఆరేళ్ళ క్రితం, నా కాలేజీ సెలవుల్లో, అత్తకి కంటి ఆపరేషనైంది. కొన్నాళ్ళు బోర్డు నాది! నా సంబరం అంతా ఇంతా కాదు. గాలి, పోటు అన్నీ ఫోన్లో ఉంటే నీళ్ళలో దిగడం దేనికి? శనివారం రంగు సుద్దలతో రాసి, పక్కన పండుగప్ప బొమ్మ కూడా వేశాను. వచ్చినవాళ్ళు బోర్డు వదిలేసి నా కాళ్ళు చూశారు.

"ఏమ్మా, సముద్రంతో మాటల్లేవా?" అన్నారొకరు. అందరూ పగలబడి నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. ఆదివారం కొట్టు వెనక కుళాయి కింద అంచు తడుపుకుని, "నీళ్ళు తేట" అని రాసేశాను.

దర్జీ బాబాయ్ వచ్చాడు. వారమంతా మిషను తొక్కే మనిషి, ఆ ఒక్క పూటే గాలం పడతాడు. అంచు చూశాడు. "శభాష్! అచ్చం మీ అత్తే" అని జెట్టీ చివరికి వెళ్ళాడు.

మధ్యాహ్నం బుట్టలో నాచు వేసుకుని తిరిగొచ్చాడు. పైనెక్కడో వాన పడి, కాలువ బురదంతా సముద్రంలోకి దిగిందట.

"బాబాయ్, మరి యాప్‌లో..."

"యాపెవరు చూశారమ్మా? నీ అంచు చూసి నమ్మాను."

అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్తే అత్త కంటికి కట్టుతో మంచమ్మీద ఉంది. నాచు బుట్ట సంగతి అప్పటికే ఆవిడ చెవిన పడింది. రమ్మని, ఆరిపోయిన నా అంచు రెండు వేళ్ళతో నలిపింది. ఉప్పునీళ్ళయితే ఆరాక అట్టలా బిగుసుకోవాలి. నాది మెత్తగా ఉంది.

"కుళాయేనా?"

అంచు వెనక్కి లాక్కున్నాను.

"వచ్చే ఆదివారం మన దర్జీ నీ బోర్డు చూసి నమ్మాడా, సరే. లేదంటే దాన్ని గోడ మీంచి దింపేద్దాం. ఊరికే వేలాడ్డం దేనికి?" అంది. కోపంగా కూడా కాదు.

ఆ వారమంతా దిగాను. రోజూ. కాళ్ళకి బురద జారుడు, పిక్కలకి నాచు, ఒకసారి బోర్లా పడ్డాను కూడా! ఆదివారం దిగితే నా పాదాలు నాకే కనిపించలేదు. బాబాయ్ కోసమైనా తేటగా ఉండకూడదా అనిపించింది. ఏం చేస్తాం. "బురద. ఇవాళ లాభం లేదు" అని రాశాను.

ఆయన ఆలస్యంగా వచ్చాడు. బోర్డు వంక చూడకుండా నా ముందు గొంతుక్కూర్చుని, కుట్టు చూసినట్టు అంచు చూశాడు. సగం ఆరిన చోట తెల్లటి ఉప్పు గీత. అప్పుడు లేచి బోర్డు చదివాడు.

"అయితే ఇంటికెళ్ళి పడుకుంటా" అని, విప్పని గాలంతో వెనక్కి తిరిగాడు.

నేను పరుగో పరుగు. "అత్తా! నమ్మాడు! చేపలే పట్టలేదు!"

అత్త పోయి రెండేళ్ళు. కొట్టున్న చోట ఇప్పుడు బళ్ళు నిలుపుతున్నారు. బోర్డు మా వంటింట్లో గోడకి ఆనించి ఉంది, ఆవిడ చివరిసారి రాసిన "గాలి" మీద చెయ్యి వెయ్యనివ్వను ఎవర్నీ.

ఉండండి, ఫోన్ మోగింది. బాబాయే.

"ఆరాక ఇంకోటి పంపు."