వీపు లేని కోటు

నేను ఒక కోటును. కోటు అనగానే మీ కళ్ల ముందు ఏ పెళ్లికొడుకో, ఏ పెద్ద ఆఫీసరో మెదిలితే అక్కడే ఆగండి. నాకు ముందు భాగం మాత్రమే సవ్యంగా ఉంది. వీపును మెడ దగ్గర్నుంచి కింది అంచు దాకా నిలువునా చీల్చి, రెండు పక్కలా నాడాలు కుట్టారు. ముందు నుంచి చూస్తే నేను మేనేజరు కోటును. వెనక నుంచి చూస్తే ఆపరేషన్‌కి తీసుకెళ్లే రోగికి తొడిగే గౌనును.

పుట్టడం మాత్రం నిండుగానే పుట్టాను. నల్లటి గుడ్డ, లోపల నీలం అస్తరు, మెరిసే గుండీలు. జగిత్యాలలో ఒక టైలరు ఎవరి పెళ్లికో నన్ను కుట్టాడు. ఆ సంబంధం తప్పిపోయింది. నన్ను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. చాలాకాలం అతని షాపులో దుమ్ము పట్టి వేలాడాక, డిగ్రీ కాలేజీ ఎదురుగా ఫోటో స్టూడియో నడిపే సదానందం నన్ను కొనుక్కున్నాడు. కొన్నరోజే, కుట్టిన చేతులతోనే నా వీపు కోయించాడు.

"సన్నపోడు అస్తడు, లావుపోడు అస్తడు. అందరికి ఒక్కటే కోటు గావాలె గద," అన్నాడు టైలరుతో.

అతని లెక్క సరైనదే. లావుపాటివాడు వస్తే నాడాలు వదులు చేసేవాడు, బక్కవాడు వస్తే బిగించి ముడేసేవాడు. కెమెరాకు వీపుతో పనిలేదు. ఉద్యోగాలిచ్చేవాళ్లకూ వీపుతో పనుండదని సదానందం నమ్మకం.

కాలేజీలో ఆఖరి సంవత్సరం పిల్లలకు ఉద్యోగాల గురించి క్లాసులు చెప్పే సారొకాయన ఉండేవాడు. బయోడేటా మీద కోటు ఫోటో ఉంటే సగం ఉద్యోగం వచ్చినట్టేనని ఆయన చెప్పాడట. మిగతా సగం సంగతేమిటని ఎవరూ అడిగినట్టు లేరు. క్లాసు వదలగానే గుంపుగా వచ్చి నా మీద పడేవారు. పైన నేను, కింద మాసిన ప్యాంటు, హవాయి చెప్పులు. వరస వచ్చేదాకా అద్దం ముందు నిలబడి, సారు నేర్పిన జవాబులు ఇంగ్లీషులో వల్లించేవారు. మీ బలహీనత ఏమిటని అడిగితే, 'నేను మరీ ఎక్కువ కష్టపడతాను, అదే నా బలహీనత' అని చెప్పాలట. క్లాసు మొత్తానికీ అదొక్కటే బలహీనత. అంత కష్టపడేవాళ్లు ఇంతమంది ఒకే ఊళ్లో పుట్టడం నాకు వింతగా ఉండేది.

గంగాధర్ అలా వచ్చినవాడే. బీకాం కంప్యూటర్స్. పొడుగ్గా, ఎముకలు లెక్కపెట్టొచ్చు అన్నట్టు ఉండేవాడు. నా నాడాలు ఎంత బిగించినా అతనికి వదులే. మొదటిరోజే నాకు తెలిసింది అతని చొక్కా వాసన. పచ్చి పొగాకు. తాగేవాళ్ల దగ్గర వచ్చే వాసన కాదది. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. ఇల్లంతా ఆ వాసనే కాబట్టి ఉతికిన బట్టలకూ పట్టేస్తుంది.

"మంచిగ దియ్యే అన్నా," అన్నాడు సదానందంతో స్టూలు మీద సర్దుకుంటూ. "ఉద్యోగం అచ్చుడే ఆలస్యం, మా అమ్మతోని బీడీలు బంద్ జేపిస్త అని మాటిచ్చిన."

"పండ్లు కనవడకుంట నవ్వు," అన్నాడు సదానందం.

ఫోటో చక్కగా వచ్చింది. ఉద్యోగం రాలేదు. మళ్లీ వచ్చాడు. ప్రతి దరఖాస్తుకూ ఆర్నెల్లలోపు దిగిన ఫోటో కావాలంటారు. ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా మొహం మాత్రం వాళ్లకు తాజాగా ఉండాలి. అతనితో చదివినవాళ్లలో ఒకడు మందుల షాపులో కుదురుకున్నాడు, ఒకడు దుబాయ్‌లో పనికి పోయాడు, ఇంకొకడు చదువు సంగతే మర్చిపోయి ఆటో కొన్నాడు. ఏం చేస్తున్నావని ఎవరడిగినా గంగాధర్ మాత్రం 'ప్రిపరేషన్ల ఉన్న' అనేవాడు. కొన్నాళ్లకు అడగడం మానేశారు. ఈ మనుషులకు ఒకటే చేతగాదు. నీకు ఇవ్వం అని మొహం మీద చెప్పడం. ఏ కంపెనీ అతన్ని కాదనలేదు. అసలు జవాబే రాసేవారు కాదు.

అలాంటిది ఒకసారి పిలుపు వచ్చింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ, లెక్కలు చూసే పని. ఇంటర్వ్యూకి పద్ధతైన బట్టల్లో రమ్మన్నారు.

"అన్నా, ఒక్కరోజు కోటియ్యవా," అని అడిగాడు గంగాధర్.

సదానందం నన్ను తిప్పి వీపు చూపించాడు. అయినా గంగాధర్ అక్కణ్నుంచి కదల్లేదు. చివరికి ఇద్దరూ కలిసి నన్ను టైలరు దగ్గరికి తీసుకెళ్లారు. ముసలి టైలరు నాడాలు ఊడదీసి, చీలికను దగ్గరికి లాగి, నల్లదారంతో కుట్టాడు. ఎంత నేర్పుగా కుట్టినా అది కుట్టే. పాత గాటు మానిన మచ్చలా నిలువునా కనిపిస్తూనే ఉంది.

"కుట్టిన గని గట్టిగ గుంజకు, ఊసిపోతది. ఎవ్వలకు ఈపు సూపెట్టకు," అన్నాడు టైలరు.

నేను స్టూడియో దాటి వెళ్లింది ఆ ఒక్కరోజే. బస్సులో నన్ను పేపర్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. కంపెనీ హాల్లో అందరూ కోట్లలోనే ఉన్నారు. అందరి కోట్లకూ వీపులున్నాయి. గంగాధర్ కుర్చీలున్నా కూర్చోలేదు. పేరు పిలిచేదాకా గోడకు ఆనుకునే నిలబడ్డాడు. నాకు లోపల అతని గుండె కొట్టుకోవడం తెలుస్తోంది.

లోపల ముగ్గురున్నారు. అడిగినవాటికి బాగానే చెప్పాడు. లెక్కల్లో అతను తడబడలేదు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. తర్వాత ఒకాయన, మీ బలహీనత ఏమిటని అడిగాడు. గంగాధర్ మొదలుపెట్టాడో లేదో, పక్కనున్న ఆమె ఆ వాక్యాన్ని అతనితోపాటే పూర్తి చేసింది. ముగ్గురూ నవ్వారు. గంగాధర్ కూడా నవ్వాడు, పళ్లు కనపడకుండా.

వెళ్లొచ్చన్నారు. అతను లేచి, వెనక్కి తిరగకుండా, వాళ్లనే చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేశాడు. తలుపు తగిలేదాకా అలాగే నడిచి, చెయ్యి వెనక్కి పెట్టి గడియ వెతుక్కుని బయటపడ్డాడు. లోపల ఎవరో 'చాలా వినయం' అనడం వినిపించింది. ఆ మాట గంగాధర్ కూడా విన్నాడు.

"మంచిగ మాట్లాడిండ్రన్నా. నవ్విండ్రు గూడ. ఇది మాత్రం అస్తది," అన్నాడు మర్నాడు నన్ను తిరిగి ఇస్తూ. సదానందం నా కుట్టు విప్పించి మళ్లీ నాడాలు వేయించాడు.

ఫోన్ వస్తుందని ఆ తర్వాత రోజూ స్టూడియోకి వచ్చి కూర్చునేవాడు. ఇంట్లో సిగ్నల్ సరిగ్గా ఉండదట. అప్పుడే గమనించాను. రోజురోజుకీ అతని చొక్కాకు పొగాకు వాసన తగ్గుతోంది. చివరికి ఉత్త సబ్బు వాసనే మిగిలింది. వాళ్లమ్మ ఆకూ పొగాకూ తెచ్చుకోవడం మానేసిందని నాకు అర్థమైంది. కొడుకు మాట నమ్మింది. అంత సంతోషం నా జన్మలో నాకు ఎప్పుడూ కలగలేదు. నా వీపుకు పడిన ఆ ఒక్కరోజు కుట్టు ఒక మేలు చేసిందనుకున్నాను.

ఒక పొద్దున అతను లోపలికి వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. చొక్కాకు మళ్లీ పొగాకు వాసన. సదానందం అతని మొహం చూసి చాయ్ తెప్పించాడు.

ఆ చాయ్ తాగుతుండగానే అన్నాడు సదానందం, "కంప్యూటర్ తెస్తున్న తమ్మీ. నాకు ఓనమాలు రావు. ఉద్యోగం అచ్చెదాంక ఖాళీగ ఎందుకుంటవ్, ఈడ కూసో."

అలా కూర్చున్నాడు. మొట్టమొదటి పని నన్ను కంప్యూటర్లోకి ఎక్కించడం. గంగాధర్ నన్ను తొడుక్కుని స్టూలు మీద కూర్చుంటే సదానందం ఫోటో తీశాడు. తర్వాత గంగాధరే తెర ముందు కూర్చుని, మెడ పైన ఉన్నదంతా చెరిపేశాడు. తన తల తానే తుడిచేసుకున్నాడన్నమాట. ఇక ఎవరొచ్చినా నన్ను తొడుక్కునే పనిలేదు. మొహం తెచ్చుకుంటే చాలు, కింద గంగాధర్ భుజాలు అతుక్కుంటాయి.

అప్పట్నుంచీ ఈ ఊరి నుంచి పోయే ప్రతి దరఖాస్తు మీదా అవే భుజాలు. ఆ భుజాలు బ్యాంకులకు పోయాయి, సచివాలయానికి పోయాయి, పేర్లు కూడా పలకలేని కంపెనీలకు పోయాయి. ఒకసారి హారిక అనే అమ్మాయి మిఠాయి పొట్లంతో వచ్చింది. ఉద్యోగం వచ్చిందట. మెడలో వేలాడే గుర్తింపు కార్డు చూపించి, "నువ్వు తీసిన ఫోటోనే అన్నా," అంది. గంగాధర్ ఆ కార్డును చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. ఆ అమ్మాయి తన మొహం చూస్తున్నాడనుకుంది. అతను చూసింది భుజాలను. మిఠాయి తిన్నాడు, బాగుందన్నాడు.

నా పని అయిపోయింది. నన్ను మడిచి, గంగాధర్ కూర్చునే ఇనుప కుర్చీలో మెత్తగా ఉంటుందని వేశారు. ఒకప్పుడు నన్ను తొడుక్కున్నవాడే ఇప్పుడు రోజంతా నా మీద కూర్చుంటాడు. నాకేం కోపం లేదు. అతనికి ఒత్తుకోకుండా ఉంటే అదే చాలు.

మొన్న మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు గంగాధర్ తన ఫోటో తానే తీసుకున్నాడు. ఏదో సర్కారు ఉద్యోగం పడింది. వచ్చేసారికి అతని వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరుది. తెర మీద తన మొహాన్ని తెచ్చి, తన భుజాల మీదే పెట్టాడు. అతకలేదు. బుగ్గలు నిండాయి, మెడ లావెక్కింది, నుదురు పైకి పాకింది. కింద భుజాలు మాత్రం ఆనాటి బక్కపిల్లవాడివి. అటు జరిపాడు, ఇటు జరిపాడు. చివరికి తల కొంచెం కొంచెంగా చిన్నది చేసుకుంటూ పోయాడు.

సదానందం ఎప్పుడొచ్చాడో, వెనక నిలబడి చూస్తున్నాడు.

"తల మరీ చిన్నగ గొడుతున్నది గదరా," అన్నాడు మెల్లగా.

"గంతకంటె పెద్దగుంటె కుదురుతలేదన్నా," అన్నాడు గంగాధర్.

ఫోటో ప్రింటు తీసి, కత్తిరించి, దరఖాస్తుకు అంటించాడు. అంతలో కాలేజీ నుంచి ఒక అమ్మాయి వచ్చి కోటు ఫోటో కావాలంది. పళ్లు కనపడకుండా నవ్వమని ఆమెకు చెప్పి, ఫోటో తీసి, మళ్లీ వచ్చి నా మీద కూర్చున్నాడు. అతని చొక్కాకు పొగాకు వాసన వస్తూనే ఉంది.