గాజు పెట్టెలో ఉయ్యాల పలక

ఇద్దరం మ్యూజియం మెట్లెక్కుతున్నాం. మనవరాలు లారీన్‌కి నెలలు నిండాయి. మా ఇంటి బిడ్డలందరినీ తోలు లేసులతో కట్టి వీపున మోసిన పూసల ఉయ్యాల పలక మాత్రం లోపల గాజు పెట్టెలో ఉంది. మా తమ్ముడు యుద్ధానికి వెళ్లి తిరిగి రాని ఏడు, అది కంటపడితే భరించలేక, మా అమ్మ ఒక్క వేసవికని దాన్ని వీళ్లకు అరువిచ్చింది. ఆ తర్వాత అమ్మా కన్నుమూసింది. నేను అడిగినప్పుడల్లా ఇక్కడి అధికారి హార్లన్ వెబ్ "కమిటీ కూర్చోవాలండీ" అంటూనే ఉన్నాడు.

"ఈసారీ అదే అంటే?" అన్నాను.

"అంటే ఇక్కడే కంటాను. కమిటీయే పురుడు పోస్తుంది" అంది లారీన్.

లోపల మా క్రో ఆదివాసీ తెగవాళ్లు సగం, బయటివాళ్లు సగం. మా నేలకు వచ్చిన తొలి తెల్ల అన్వేషకుల పడవ పక్కన నిలబడి హార్లన్ మాట్లాడుతున్నాడు. పడవ వెనకే మా పలక. అందులో నీలికళ్ల రబ్బరు బొమ్మను పడుకోబెట్టి లేసులు బిగించారు. జనాన్ని తప్పించుకుంటూ ముందుకు నడిచాను.

హార్లన్ తన పూసల బెల్టు తడుముకుంటూ, ఎప్పటిలాగే, "క్రో ప్రజలు నన్ను దత్తత తీసుకున్నారు. నా దత్తతండ్రి ఫెర్డినాండ్ గారిది పెద్ద గుడారం వంశం" అన్నాడు.

ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజు చెవికెక్కింది. మా నాన్నదీ పెద్ద గుడారమే! తండ్రుల వంశం ఒకటైతే, మాలో ఆ పిల్లలది వదినా మరుదుల్లా ఎగతాళి వరస. నలుగురిలో ఎంత మాటైనా అనుకోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టే. తప్పు దిద్దుకోనివాణ్ణి ఆ వరసవాళ్లు బతికినంతకాలం వదలరు.

"ఏమయ్యా మరిదీ!" అని గట్టిగా పిలిచాను. మావాళ్లు అప్పుడే కిసుక్కుమన్నారు.

హార్లన్ తడబడ్డాడు. "నన్నేనా?"

"నిన్నే. బెల్టు నడుముకి కట్టుకున్నావు, వరస ఎక్కడ పారేశావు? ముచ్చటగా ఉన్నాడే నీ కొడుకు! అచ్చం నీ కళ్లే. పాలెవరిస్తున్నారు, కమిటీయా?"

హాలంతా గొల్లుమంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. లారీన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బెల్టు వంక చూసుకుని హార్లన్ నవ్వేశాడు.

"నీ మాటలు ఆనాడు వినుంటే ఈ అన్వేషకులు పడవ తిప్పుకుని పారిపోయేవాళ్లు వదినా!"

"పోయుంటే నీకీ ఉద్యోగమే ఉండేది కాదు. తాళం తియ్యి. నా మునిమనవడు వస్తున్నాడు."

"కమిటీ..." అనబోయాడు.

ఏటా ఆగస్టులో జరిగే మా సంబరాల్లో మైకు పట్టి కబుర్లు చెప్పే ఓర్విల్ వెనకనుంచి అందుకున్నాడు. "తియ్యకు తియ్యకు. ఆగస్టులో చెప్పుకోడానికి నాకూ ఓ కథ కావాలి."

హార్లన్ దండం పెట్టి, జేబులోంచి తాళాలు తీశాడు. "కమిటీకి నేనే చెప్పుకుంటాలే."

పెట్టె తెరుచుకోగానే లేసులు విప్పి, బొమ్మను అతని చేతుల్లో పెట్టాను. "ఇదిగో, నీ బిడ్డను నువ్వు పెంచుకో."

పలక నేను గుర్తుంచుకున్నదానికన్నా తేలిక. ఏడుస్తాననే అనుకున్నాను. కానీ వేళ్లు ముందు లేసుల మీదికే పోయాయి. ఒకటి ఎండిపోయి పట్టుకోగానే తెగింది.

"ఇంటికెళ్లగానే జింకతోలు కోసి కొత్తది వెయ్యాలి" అన్నాను.

"బిడ్డ ఇవాళే వచ్చేయదులే అమ్మమ్మా."

"వస్తే?" అంటూ పలకను గుండెకు ఆనించుకుని గబగబా మెట్లు దిగాను.