నూకరత్నం గారి నల్ల గౌను

నేను ఒక నల్ల గౌనుని. పెళ్ళికూతుళ్ళు తొడుక్కునే రకం కాదు, హైకోర్టులో జడ్జీ ముందు లాయర్లు భుజాన వేసుకునే రకం. వానకోటుకీ నాకూ ఏదో చుట్టరికం ఉందని ఎవరైనా అంటే మాత్రం నేను ఊరుకోను. మలేసియాలో ఎంత చదువు చదివినవాడైనా, ఎంత నోరున్నవాడైనా, నన్ను వేసుకోందే హైకోర్టులో పెదవి విప్పడానికి లేదు. మనుషులకి వాళ్ళ తెలివి మీద వాళ్ళకే నమ్మకం చాలక ఇంత గుడ్డ అడ్డం పెట్టుకుంటారేమోనని నాకు మొదట్నించీ అనుమానం. ఆ మాట పైకి అనను. నా బతుకుతెరువు అదే కదా.

కౌలాలంపూర్‌లో ఒక ఇరుకు సందులో ఆ లియోంగ్ అనే చైనా టైలరు నన్ను కుట్టాడు. లాయరంటే ఆరడుగుల మగవాడేనని ఆయన లెక్క. నన్ను కుట్టించుకున్న పిల్లేమో ఐదడుగులు నిండీ నిండనట్టుంటుంది. వేసుకుంటే నేల ఊడుస్తున్నానని ఆ పిల్ల గోల పెడితే, ఎదుగుతావులే అమ్మా అన్నాడు ఆ మహానుభావుడు. అప్పటికి ఆ పిల్లకి ఇరవయ్యారేళ్ళు. ఇక చేసేది లేక ఇంటికి తీసుకెళితే వాళ్ళమ్మ సూదీ దారం తీసి, నా అంచు లోపలికి మడిచి కుట్టేసింది.

ఆ పిల్ల పేరు నూకరత్నం. విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి మలయా వచ్చి రబ్బరు చెట్లు గీసిన వాళ్ళ మనవరాలు. పుట్టింది సుంగై మెలాటి ఎస్టేటులో. అక్కడ కూలీల ఇళ్ళు ఒకే రేకు కప్పు కింద బారుగా ఉంటాయి, వాటిని లైన్లంటారు. మూడు తరాలు ఆ లైన్లలో పుట్టి, పెళ్ళాడి, పోయినా సరే, అందులో ఒక్క మేకు కూడా కూలీది కాదు. కంపెనీ పొమ్మంటే మూటా ముల్లే సర్దుకోవాలి. రత్నం లా చదివిందే అందుకు. ఈ లైన్ల జోలికి ఎవడొచ్చినా ముందు నాతో మాట్లాడాలి అనేది. ఆవిడ పంతమంతా ఆ ఒక్కటే.

లాయరుగా పట్టా ఇచ్చే రోజున అక్కడొక ఆచారం ఉంది. పేరున్న పెద్ద లాయరు ఒకాయన నిండు కోర్టులో లేచి, కొత్త లాయరు పుట్టుపూర్వోత్తరాలన్నీ జడ్జీకి చదివి వినిపించి, గౌను తన చేత్తో తొడుగుతాడు. ఆ పొద్దున రత్నం తల్లి అప్పయ్యమ్మ నన్ను చేతిలోకి తీసుకుని, కొత్త గుడ్డ పసుపెట్టకుండా ఏసుకుంటారేటి అంటూ నా నాలుగు చెంగులకీ పసుపు దట్టించింది. బొట్టంత పెడితే బాగుండేది. ఆవిడ పిల్ల మీద ఉన్న ప్రేమంతా తడిపి మరీ పెట్టింది. పెద్దాయన నన్ను తొడిగేసరికి ఆయన వేళ్ళకి పసుపు, ఆ వేళ్ళతో సర్దుకున్న తెల్లటి మెడపట్టీకి పసుపు, చేయి కలిపిన వాళ్ళందరికీ పసుపు. ఆ రోజు తీసిన ఫొటో చూసినవాళ్ళు ఇది కోర్టా, పేరంటమా అని అడిగేవారు.

అంతటితో ఆగిందా! వారం తిరక్కుండానే అప్పయ్యమ్మ నన్ను ఉతికి గంజి పెట్టింది, పంచెలకి పెట్టినట్టు. ఎండకి ఆరేసరికి నేను తలుపు రెక్కలా బిగుసుకుపోయాను. మర్నాడు కోర్టులో రత్నం చెయ్యి ఎత్తితే ఫెళఫెళ, దించితే ఫెళఫెళ. ఎవరక్కడ అప్పడాలు తింటున్నారని జడ్జీ బంట్రోతుని వెతకమన్నాడు. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను.

పేరు రావడంతో ఎస్టేటు జనం రత్నం ఆఫీసు ముందు బారులు తీరారు. వాళ్ళు అభిమానం కొద్దీ తెచ్చే డురియన్ పళ్ళు కారు వెనక సీట్లో ఉండేవి. నేనూ అక్కడే ఉండేదాన్ని. డురియన్ వాసన తెలిసినవాళ్ళకి నా అవస్థ చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. రత్నం వాదించడానికి లేస్తే ఎదుటి లాయరు రెండు కుర్చీలు అవతలకి జరిగేవాడు. ఆయన భయపడ్డాడని ఆవిడ సంబరపడేది.

ఇంతలో భయపడ్డంతా అయింది. కంపెనీ లైన్లు ఖాళీ చెయ్యమంది. రత్నం నన్ను వేసుకుని ఆ కేసు వాదించిన తీరు చూస్తే, రాయైనా కరిగేది. జడ్జీ కరిగాడు కూడా. కంపెనీ ఆ నేలని ఇంకొకరికి అమ్మేదాకా వీళ్ళని కదిలించడానికి లేదన్నాడు. ఆ తర్వాత సంగతి నా చేతిలో లేదు, చట్టంలోనే లేదు, చట్టం చేసేవాళ్ళనడగండి అన్నాడు. ఆ రాత్రంతా రత్నం ఆ మాటే తల్చుకుంది. అడగడమెందుకు, నేనే పోయి చేస్తాను అని ఎన్నికల్లో నిలబడింది.

అక్కడ మొదలైంది నా వైభవం. పార్టీవాళ్ళు ఆవిడకి నన్ను తొడిగి ఫొటో తీసి, ప్రతి దీపస్తంభానికీ వేలాడగట్టారు. లారీ ఎక్కి ప్రచారం చేసేటప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా నన్ను విప్పనివ్వలేదు. లాయర్ల సంఘంలో పెద్దలు ముక్కు విరిచారు గానీ వినేదెవరు? లైన్లలో ముసలమ్మలకి కార్యకర్తలు ఒకటే చెప్పారు, నల్ల గౌనుకి ఓటెయ్యండి అని. వాళ్ళు బుద్ధిగా తలూపారు. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను.

పోలింగు రోజున ఆ ముసలమ్మలు తెల్లారకముందే స్నానాలు చేసి వెళ్ళారు. కాగితం మీద చూస్తే పార్టీల గుర్తులు ఉన్నాయి గానీ గౌను లేదు. తిప్పి చూశారు, వెనకా లేదు. కొందరు అధికారిని పిలిచి, నాయనా, మా రత్తం గౌను ముద్రించడం మర్చిపోయారు, పోనీ మేము సాయంత్రం రామా అని అడిగారు. కొందరికి అంత ఓపిక లేక, అక్కడున్న పెన్సిలుతో వాళ్ళే గౌను బొమ్మ గీసి, దాని పక్కన గుర్తు పెట్టి, మడిచి పెట్టెలో వేసి హాయిగా ఇంటికొచ్చారు. లెక్కింపులో అధికారులు ఒక్కో కాగితం ఎత్తి పట్టుకుని ఇది గొడుగా, కాకా, గబ్బిలమా అని తర్జనభర్జన పడ్డారట. ఏదైనా చెల్లదన్నారు. రత్నం ఓడింది, అదీ ఆ బొమ్మలన్నీ ఓట్లయితే గెలిచేటంత తేడాతో.

ఇంటికొచ్చి నన్ను కుర్చీ మీద పడేసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి చివరికి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఆవిడని నిలబెట్టిందీ నేనే, ముంచిందీ నేనే. లైన్లలోనేమో ముసలమ్మలు, గెలిచావా రత్తం అని కబురంపుతూనే ఉన్నారు.

తర్వాతి ఎన్నికల్లో నన్ను గుమ్మం దాటనివ్వలేదు. పువ్వుల చొక్కా, పార్టీ గుర్తున్న టోపీతో తిరిగి ఆవిడ బ్రహ్మాండంగా గెలిచింది. నేను లేకుండా గెలవడమేమిటని రెండు రోజులు అలిగాను. బీరువాలో ఉన్నదాన్ని, నా అలక ఎవరికి కావాలి? నా పక్కన అసెంబ్లీకి వేసుకెళ్ళే పట్టు బాజు కురుంగ్, మలాయి ఆడవాళ్ళ పొడుగు దుస్తు, ఒకటి వచ్చి చేరింది. జరీ పూలూ అదీనూ. దాని మిడిసిపాటు చూడాలి. అందరూ ఇప్పుడు రత్నాన్ని వైబీ అంటున్నారని అదే నాకు చెప్పింది, తనని చూసే అన్నట్టు. వైబీ అంటే గౌరవనీయులు అని అర్థం. గౌరవం గౌనుతో కూడా వస్తుంది గానీ, ఎండు చెమటతో వస్తుంది.

రెండోసారి గెలిచాక ఆవిడని రాష్ట్ర మంత్రివర్గంలోకి తీసుకుని గృహశాఖ ఇచ్చారు. సరిగ్గా అప్పుడే కంపెనీ సుంగై మెలాటిని అమ్మేసింది. కొన్నదెవరు? రాష్ట్ర ప్రభుత్వమే. ఎందుకు? ఫుట్‌బాల్ స్టేడియం కట్టడానికి. మా జట్టు గెలిచి ఎన్నాళ్ళయిందో ముసలివాళ్ళనడిగినా చెప్పలేరు. స్టేడియం లేకే ఓడుతున్నామని ముఖ్యమంత్రికి ఎవరో చెప్పారట.

మంత్రివర్గంలో రత్నం ఒక్కతే పోరాడింది. ముందు ఇళ్ళు కట్టండి, ఆ తర్వాత లైన్లు పడగొట్టండి అంది. ఇళ్ళు తర్వాత చూద్దాం అన్నారు మిగతావాళ్ళు. ఒకసారి తీర్మానం అయ్యాక అది అందరిదీ అవుతుంది, పైకి కిక్కురుమనడానికి లేదు. ఈ సంగతంతా ఆవిడ ఆ సాయంత్రం బీరువా ముందు నేల మీద కూలబడి తల్లికి చెప్పింది. రాజీనామా చేస్తే ఆ గదిలో ఇళ్ళ మాట ఎత్తేవాడే ఉండడు, చెయ్యకపోతే లైన్లలో మొహం చూపించలేను అంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉంది ఆవిడ పని. ఎవడొచ్చినా ముందు నాతో మాట్లాడాలన్నది, ఆ వచ్చినవాళ్ళలో తనే ఉంది. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా అంది. నాకు బీరువా తలుపు బద్దలుకొట్టుకుని రావాలనిపించింది.

నాలుగు రోజులకి ఒక పిల్ల ఇంటికొచ్చింది. పేరు పుష్పలీల, లైన్లలోనే ఉండి లారీ నడిపే గురవయ్య కూతురు. కొత్తగా లాయరయింది. రత్నాన్ని చిన్నప్పట్నించీ పిన్నీ అనే పిలుస్తుంది. వచ్చి కూర్చోకుండా, చేతులు నలుపుకుంటూ చెప్పింది.

"పిన్నీ, లైన్లు పడగొట్టకుండా ఆపమని ప్రభుత్వం మీద కేసు వేస్తున్నాను. మూడో ప్రతివాదిగా మీ పేరు పెట్టాల్సొచ్చింది."

"పెట్టకపోతే తంతును. గృహశాఖ నాదైతే ఇంకెవరి పేరు పెడతావు? గౌనుందా నీకు?"

స్నేహితురాలిది అడిగి తెచ్చుకుంటానంది ఆ పిల్ల. రత్నం లేచి బీరువా తెరిచి నన్ను తీసింది. ఇస్త్రీపెట్టె తెచ్చి తనే ఇస్త్రీ చేసింది, మెడ దగ్గర రెండుసార్లు. అప్పయ్యమ్మ గుమ్మంలో నిలబడి ముక్కున వేలేసుకుంది.

"నీ గౌనేసుకుని నీ మీదే దావా ఏత్తదా? ఇదేటి సోద్దెమే తల్లీ!"

పుష్పలీల పొడగరి. ఆ లియోంగ్ కుట్టిన పొడుగుకి ఇన్నాళ్ళకి సరిపోయే మనిషి దొరికింది. అప్పయ్యమ్మ గొణుక్కుంటూనే నా అంచు విప్పి కిందికి దించింది.

కేసు రోజున కోర్టు కిటకిటలాడింది. లైన్లలో ముసలమ్మలందరూ బస్సు కట్టించుకుని వచ్చారు. పుష్పలీల నన్ను సర్దుకుని లేచింది. తడబడకుండా వాదించింది. తర్వాత ప్రభుత్వ న్యాయవాది లేచి, ప్రతివాదులందరి తరఫునా ఈ దరఖాస్తుని వ్యతిరేకిస్తున్నాం అన్నాడు.

"అందరి తరఫునా కాదు, యాంగ్ ఆరిఫ్." వెనక వరసలోంచి ఒక గొంతు వినిపించింది. జడ్జీని మా దేశంలో అలాగే పిలుస్తారు. ఆ గొంతు నాకు కొత్త కాదు. మామూలు చొక్కాలో, మెడపట్టీ లేకుండా, రత్నం నిలబడి ఉంది.

జడ్జీ పాతకాలపు మనిషి. ఏళ్ళ తరబడి ఆవిడ వాదనలు విన్నవాడు. గౌను లేకుండా లాయరు మాట్లాడితే, నీ మాట నాకు వినపడదు అనడం కోర్టులో మర్యాద. చెవుడు కాదు, వేసుకుని రా అని అర్థం. ఆయన కళ్ళద్దాలపై నుంచి చూసి, అలవాటు కొద్దీ ఆ మాటే అన్నాడు.

"నూకరత్నం గారూ, మీ మాట నాకు వినపడడం లేదు."

"యాంగ్ ఆరిఫ్, ఇవాళ నేను లాయర్ని కాదు, మూడో ప్రతివాదిని. నా గౌను అటువైపుంది."

జడ్జీ ఆవిడ వైపు చూశాడు, పుష్పలీల వైపు చూశాడు, నన్ను చూశాడు. నా జన్మలో ఏ జడ్జీ నన్ను అంతసేపు చూడలేదు. పుష్పలీల కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు నా చేతుల మీద పడ్డాయి. జడ్జీ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు వినపడుతోంది. చెప్పండి."

ఆ పిల్ల అడుగుతున్నది న్యాయం, నేను వ్యతిరేకించను అని రత్నం ఒక్క ముక్క చెప్పి కూర్చుంది. వేరే ఇళ్ళు కట్టి తాళాలు చేతికిచ్చేదాకా లైన్ల మీద చెయ్యి వెయ్యకూడదని జడ్జీ ఉత్తర్వులిచ్చాడు. ముసలమ్మలకి ఇంగ్లీషు రాకపోయినా పుష్పలీల మొహం చూసి తెలుసుకున్నారు. సాయంత్రం కాకముందే ముఖ్యమంత్రి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మంత్రి పదవి ఊడింది.

నన్ను తిరిగి ఇవ్వడానికి పుష్పలీల ఇంటికొస్తే, ఉంచుకోవే, ఇప్పుడు నీకే అతికినట్టుంది అంది రత్నం. నేను మళ్ళీ ప్రాక్టీసు పెడతాను, నాకు సరిపడా ఒకటి కుట్టించుకుంటాను అంది. లోపల్నించి అప్పయ్యమ్మ గరిటె పట్టుకుని వచ్చింది.

"ఉద్దోగం పోయిందా?"

"పోయిందమ్మా."

"మరి లైన్లు?"

"ఉన్నాయి."

"మరింకేటి? ఇద్దరూ రండి, అన్నం సల్లారిపోతంది."

పుష్పలీల నన్ను విప్పి కుర్చీ వీపుకి తగిలించింది. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.