ఎదురు బంకు లెక్క

కృపావతి గారు మా బంకులో ఎప్పుడూ మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. రోడ్డు దాటి ఎదురు బంకుకి వెళ్తే మాత్రం కుర్చీలో కూర్చుని టీ తాగేవారు. నెలకోసారి ఆ టీ గ్లాసు చూసి, మిగతా నెలంతా దాని గురించే ఆలోచించేదాన్ని.

గాజువాక దాటాక స్టీలు ప్లాంటు వైపు పోయే ఆ రోడ్డు మీద అప్పట్లో రెండే డీజిల్ బంకులు. ఒకటి మా శ్రీరామ్మూర్తి మావయ్యది. సరిగ్గా దానికి ఎదురుగా విజయరత్నం గారిది. నేను మా ఊరి హైస్కూల్లో టెన్త్ పాసై, ఇంటర్ చదవడానికి మావయ్య ఇంటికి వచ్చాను. ఎనభై రెండు వేసవికి ఆ పరీక్షలు కూడా అయిపోయాయి. ఇక్కడ ఏదైనా పని దొరికితే ఉంటాను, లేకపోతే ఊరికి పోయి అమ్మతో పాటు చేలోకి దిగాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ, గురువమ్మత్త నా బట్టల పెట్టె అటక మీద నుంచి దించి మంచం కింద పెట్టింది.

కృపావతి గారు గవర్నమెంటు లెక్కల ఆఫీసులో పని చేసేవారు. నెల మొదట్లో సిటీ బస్సు దిగి, గొడుగు మడిచి, గుడ్డ సంచీలోంచి ఫారం తీసేవారు. ఏ బంకులో అయినా అవే ప్రశ్నలు. నెల మొదట్లో సరుకు ఎంత ఉంది, టాంకర్లలో ఎంత వచ్చింది, ఎంత అమ్మారు, ఎంత మిగిలింది. పోర్టులో చమురు ఓడలు దింపిన సరుకు చివరికి ఎక్కడెక్కడికి చేరుతోందో, ఎక్కడ కరువుగా ఉందో ఢిల్లీలో వాళ్ళకి తెలిసేది ఇలాగేనట.

"నువ్విక్కడ తప్పు చెబితే ఢిల్లీలో తప్పవుతుంది పైడితల్లీ," అనేవారు.

నేను కొత్తవాళ్ళతో మాట్లాడలేను. కాలేజీలో హాజరు పలకడానికే నా గొంతు లేచేది కాదు. ఆవిడతో మాత్రం మాట్లాడగలిగేదాన్ని, ఎందుకంటే ఆవిడ అడిగేవి నాకు తెలిసినవి. మావయ్యకి నడుం నొప్పి. ఎండ ఎక్కకముందే టాంకు మూత తీసి, గీతలున్న డిప్పు కడ్డీ లోపలికి దించి, డీజిల్ తడి ఏ గీత దాకా వచ్చిందో చూసేది నేనే. అందుకని కృపావతి గారు నా ముఖం చూసి రాసుకునేవారు, మావయ్య ముఖం చూసి కాదు. ఆ కాసేపు నేనొక మనిషినని అనిపించేది.

తర్వాత ఆవిడ గొడుగు విప్పి రోడ్డు దాటేవారు.

విజయరత్నం గారి కూతురు దేవకుమారిది నా ఈడే. కాన్వెంటులో చదివింది. జడకి రోజుకో రిబ్బను. వాళ్ళూ కృపావతి గారూ ఆదివారం ఒకే చర్చికి వెళ్తారు. నేను ఆయిలు డబ్బాల వరస వెనక నిలబడి చూసేదాన్ని. దేవకుమారి చేతులు తిప్పుతూ ఏదో అనేది. ఆవిడ తల వెనక్కి వాల్చి నవ్వేవారు. మా దగ్గర పళ్ళు కనిపించేలా ఒక్కసారి కూడా నవ్వలేదు.

మా ఇంట్లో కడుపుమంట నాకొక్కదానికే ఉందనుకోకండి. ఎదురు బంకు ముందు లారీల వరస చూస్తే మావయ్యకి ముద్ద దిగేది కాదు. స్టీలు ప్లాంటుకి మట్టీ కంకరా తోలే లారీలు అక్కడ రోడ్డు మలుపు దాకా నిలబడేవి.

"సూడే పైడీ. ఆడి బంకు కాడ తీర్తం. మన కాడ ఈగలు."

"ఈగలేటి, పొద్దుట్నుంచి మనకీ లారీలు వస్తనే ఉన్నాయి గదా," అంది అత్త.

"వచ్చి ఎల్లిపోతన్నాయే గురువమ్మా! ఆడి కాడ నిలబడతన్నాయి. కంపెనీవోడు ఆడికే కోటా ఎక్కువ పోత్తన్నాడు. ఆడెంత అమ్ముతన్నాడో ఆ ఒక్క అంకె తెలిస్తే సాలు, సప్లై ఆఫీసుకెల్లి కడిగేసి వత్తాను."

ఒకసారి ధైర్యం చేసి నేనే అడిగాను. "ఆళ్ళెంత రాయించినారండీ?"

కృపావతి గారు పెన్నుకి మూత పెట్టారు. "అక్కడ విన్నది ఇక్కడ చెప్పను. ఇక్కడ విన్నది అక్కడ చెప్పను. చెప్పానంటే వచ్చే నెల నుంచి నాకెవరూ నిజం చెప్పరు."

"అదేటండి, మనలో మనకి దాపరికాలేటి?" అన్నాడు మావయ్య.

"ఆ దాపరికానికే నాకు జీతమిస్తున్నారు శ్రీరామ్మూర్తి గారూ."

ఆవిడ కోపంగా అనలేదు. అయినా నాకు చురుక్కుమంది. ఈ దాపరికమంతా మా దగ్గరే, అక్కడ టీ తాగుతూ మా సంగతులన్నీ ఆ రిబ్బను పిల్లకి చెప్పేస్తారని అనుకున్నాను.

మే నెలలో వచ్చినప్పుడు ఆవిడ ఇంకో మాట చెప్పారు. "ఫిషింగ్ హార్బరులో మరబోట్లు ఎంత డీజిల్ వాడుతున్నాయో సర్వే మొదలుపెడుతున్నాం. నాతో తిరిగి రాయడానికి ఇంటర్ చదివిన అమ్మాయి ఒకరు కావాలి. ఎవరన్నది వచ్చే నెల చెబుతాను."

ఆవిడ గొడుగు విప్పి అటు వెళ్ళారు. అక్కడా అదే మాట చెప్పారని నాకు వెంటనే తెలిసింది, దేవకుమారి చప్పట్లు కొట్టింది కాబట్టి.

దేవకుమారికి ఆ పని ఎందుకు? వాళ్ళ నాన్న ఆమెని డిగ్రీలో చేర్పిస్తాడు. ఆమె పెట్టె ఎవరూ దించలేదు. ఆమెకి జ్వరం రావాలని పైడితల్లమ్మకి మొక్కుకున్నాను. అమ్మవారి పేరు పెట్టుకున్నదాన్ని, నా మాట కాస్తయినా వినాలి కదా. రాలేదు. రోజూ కొత్త రిబ్బనుతో కనిపించింది.

జూన్ మొదట్లో, ఆవిడ ఇంకా రాకముందే, నెలనెలా లెక్కల ఫలితాల కాగితం పోస్టులో వచ్చింది. లెక్క చెప్పిన వాళ్ళందరికీ ఆఫీసు ఒక్కో కాపీ పంపేది. అందులో ఎవరి పేర్లూ ఉండవు, మొత్తాలే ఉంటాయి. మావయ్య అచ్చు కాగితాలు చదవడు. గ్రీజు డబ్బాకి మూత పోయిందని దాని మీద కప్పాడు. సాయంత్రం గ్రీజు కోసం వెళ్ళి దాన్ని ఎత్తాను.

అంతకుముందు ఊరు మొత్తానికి ఒకటే అంకె ఉండేది. ఈసారి రోడ్ల వారీగా విడగొట్టి వేశారు. మా రోడ్డు కూడా ఉంది. ఏప్రిల్ నెల డీజిల్ అమ్మకం, ఇన్ని లీటర్లు.

మా రోడ్డు మీద ఉన్నవి రెండే బంకులు. మా అమ్మకం ఎంతో చెప్పింది నేనే. మొత్తంలోంచి మాది తీసేస్తే మిగిలేది ఇంకెవరిది?

గ్రీజు వేలితోనే గోడ మీద తీసివేత వేశాను. తప్పు వేశాననుకుని పక్కన మళ్ళీ వేశాను. మిగిలింది మా దాంట్లో సగం కూడా లేదు.

ఎదురుగా చూశాను. లారీలు అలాగే నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు తువ్వాళ్ళు పరుచుకుని లారీల నీడలో పడుకున్నారు. డీజిల్ పోస్తున్న చోట ఎవరైనా పడుకుంటారా? వాళ్ళు టాంకరు కోసం కాసుకుని ఉన్నారు. వాళ్ళ కంట్రాక్టరు ఇచ్చిన చీటీలు ఆ బంకులోనే చెల్లుతాయి, అందుకని ఇటు రాలేరు. సరుకు లేక ఆ వరస. మేము వచ్చిన లారీకి వచ్చినట్టు పోసి పంపేస్తున్నాం కాబట్టి మా ముందు వరస లేదు. ఇన్నాళ్ళూ మావయ్య ఏడ్చింది ఖాళీ టాంకుని చూసి.

ఎప్పుడూ లేనంత సంతోషం కలిగింది. గోడ మీది అంకెలు గుడ్డతో తుడిచేసి, చేతులు లంగాకి రాసుకుని, మొదటిసారి ఆ రోడ్డు దాటాను.

దేవకుమారి బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది.

"మీ అమ్మకం మా దాంట్లో సగం కూడా నేదు," అన్నాను.

దేవకుమారి తలుపు వైపు చూసింది. "మెల్లగా అనవే, నాన్న లోపలున్నాడు. కాయితం సూసినావా?"

"సూసినాను. తీసేసినాను."

"నానూ తీసేసినాను. పొద్దున్నే." అని మా ఏప్రిల్ అమ్మకం ఎంతో లీటరు తేడా లేకుండా నా ముఖం మీద చెప్పింది.

మేము వాళ్ళది కనుక్కోగలిగితే వాళ్ళు మాది కనుక్కోగలరన్న ఆలోచన, రోడ్డు ఇవతల ఉన్నంతసేపు నాకు తట్టనే లేదు.

"మీ నాన్నకి సెప్పినావా?" అన్నాను.

"పిచ్చేటే నీకు? సెప్తే రేపే సప్లై ఆఫీసుకెల్లి, ఎదరోల్ల కోటా కోసి నాకియ్యండి అంటాడు. మీ మావయ్యకి సెప్పేసినావా ఏటి?"

"నేదు."

"సెప్పకు. ఈల్లిద్దరూ కొట్టుకుని, ఆకరికి కృపావతి ఆంటీయే సెప్పీసిందంటారు. ఆవిడ ఉద్యోగం మీదికి వస్తాది." తర్వాత కుర్చీ జరిపింది. "కూకో. టీ తాగుతావా?"

"అక్కర్నేదు," అని వచ్చేశాను.

ఆంటీ! నేను గారూ అని పిలిచే మనిషిని ఇది ఆంటీ అంటుంది. సరుకు తక్కువైంది వాళ్ళకి. నోరు విప్పితే లాభం వాళ్ళకే. అయినా పొద్దుట్నుంచి నోరు మూసుకుని కూర్చుంది. తెలివిలో నాకంటే ముందే, మంచితనంలోనూ నాకంటే ముందే. చిన్న అంకె ఆమెది, మంట నాది.

ఒక్కటి మాత్రం మిగిలింది. కృపావతి గారికి ఇంకా ఎవరూ చెప్పలేదు. అదైనా నేను ముందు చెయ్యాలి.

ఆవిడ వచ్చే రోజు బస్టాపు దగ్గరకే వెళ్ళి నిలబడ్డాను. దిగీ దిగగానే అన్నాను, "మీరు సెప్పకపోయినా మీ కాయితమే సెప్పేత్తందండి."

నేను వివరంగా చెబుతూంటే ఆవిడ ముఖం పాలిపోయింది. గొడుగు విప్పడం కూడా మరిచిపోయి మా బంకు దాకా నడిచి, బల్ల మీద కూలబడ్డారు.

"కొంచెం మంచినీళ్ళిస్తావా అమ్మా?"

గ్లాసు తోమి, మళ్ళీ కడిగి, కుండలో నీళ్ళు తెచ్చాను. ఆవిడ గుక్క తిప్పుకోకుండా తాగారు. ఆవిడ అంత కంగారులో ఉన్నా, నాకు మాత్రం మా గ్లాసులో నీళ్ళు తాగుతున్నారన్నదే కనిపించింది.

"మావయ్యకి తెలుసా?"

"నేదండి."

"ఇంకెవరికైనా?"

"దేవకుమారికి కూడా తెల్సండి," అన్నాను. నాకంటే ముందే తెలుసన్న మాట నా నోట్లోనే ఉంచుకున్నాను.

"ఆ కాగితం తిరిగి ఇచ్చెయ్యి. మిగతావి కూడా వెనక్కి తెప్పించాలి."

టాంకు దగ్గర నుంచి మావయ్య చూశాడు. "అదేటండీ, నా గ్రీజు డబ్బా మూత కూడా గవర్నమెంటుకి కావాలా?"

ఆవిడ రోడ్డు దాటారు. నేను డబ్బాల వెనక చేరాను. అక్కడ టీ గ్లాసు వచ్చింది, ఆవిడ ముట్టుకోలేదు. చాలాసేపు మాట్లాడుకున్నారు. దేవకుమారి తల అడ్డంగా ఊపింది. తర్వాత మా బంకు వైపు వేలు చూపించింది. నా మీద ఏదో చెబుతోందనుకుని డబ్బా అంచు గట్టిగా పట్టుకున్నాను.

ఆవిడ మళ్ళీ మా వైపు వచ్చారు. అలా వెనక్కి రావడం ఎప్పుడూ లేదు.

"హార్బరు పనికి వస్తావా పైడితల్లీ?"

తల ఊపాను. మావయ్య నసిగాడు. "మరబోట్ల కాడికి ఆడపిల్లేటండి..."

"రోజూ ఆ టాంకులోకి తొంగి సూయించినప్పుడు ఆడపిల్లని గుర్తు రానేదా?" అంది అత్త. ఆ సాయంత్రమే నా పెట్టె మళ్ళీ అటకెక్కింది.

బస్టాపు దాకా కృపావతి గారి వెంట నడిచాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. "ముందు దేవకుమారిని అడిగినారాండీ?"

"అక్కడ విన్నది ఇక్కడ చెప్పను," అన్నారు ఆవిడ.

అంటే అక్కడ విన్నది ఏదో ఉందన్నమాట. నేను రాను అందా? పైడినే తీసుకెళ్ళండి, లేకపోతే ఊరికి పంపేస్తారు అందా? లేక నా మీద చాడీ చెప్పినా ఈవిడ వినకుండా నన్నే తీసుకున్నారా? ఆ చివరిదే అయి ఉండాలని ఎంతగానో కోరుకున్నాను. కానీ వేలు చూపించినప్పుడు దేవకుమారి ముఖం నవ్వుతూనే ఉందని నాకు గుర్తు.

ఆ తర్వాత వచ్చిన కాగితంలో మా రోడ్డు విడిగా లేదు, గాజువాక మొత్తంలో కలిసిపోయింది.

హార్బరులో నాకు భయం వేయలేదు. అక్కడి మాట మా ఊరి మాటే. బోట్ల పక్కన డీజిల్ పీపాలు, వలలు, ఐసు పెట్టెలు. గంగాలమ్మ అనే ఆవిడకి ఒక మరబోటు ఉంది. వల కుప్ప మీద కూర్చుని వేటకి ఎంత డీజిల్ పోస్తారో చక్కగా చెప్పింది. లోపలికి వెళ్ళి గ్లాసులో మజ్జిగ తెచ్చింది. నాకు అందించబోతూ మెల్లగా అడిగింది.

"ఓలే పాపా, ఆ పక్క బోటు గురువులుగాడు ఎంత రాయించినాడే?"

మాట నాతోనే గానీ చూపు పక్క బోటు మీద ఉంది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

"అక్కడ ఇన్నది ఇక్కడ సెప్పనండి," అన్నాను.

"ఓలమ్మో! గవర్నమెంటోల్ల కూతురు దిగింది!" అని గంగాలమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే లోపలికి పోయింది.

నా పక్కన కృపావతి గారు తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. చూడడానికి దేవకుమారి అక్కడ లేదు. అదొక్కటే లోటు.