ప్రిచర్డ్ స్టాంపు మీద తీర్పు

ఉత్తరం వెనక ఊదారంగు సిరాతో "నకిలీ" అని ముద్ర పడి ఉండటం చూడగానే హెస్టర్ క్లింగమన్‌కు ఒళ్లు మండిపోయింది.

నాలుగు రోజుల క్రితం ఆ ఉత్తరాన్ని మొదట విప్పి చూసింది తనే. ఫిలడెల్ఫియాలోని స్కూకిల్ స్టాంపుల సంఘానికి ఎవరు ఏ పాత స్టాంపు పంపినా, దాన్ని భూతద్దం కింద పెట్టి చూసేదీ, అసలో నకిలీయో తేల్చి చీటీ రాసేదీ హెస్టరే. ధ్రువపత్రం మీద సంతకం మాత్రం సంఘం అధ్యక్షుడు లార్డ్నర్ టాట్నల్‌ది. పద్నాలుగేళ్లుగా అదే వరస. ఆమె తండ్రి రాతి అచ్చు పనివాడు, రాతి పలక మీద బొమ్మ గీసి కాయితానికి దించేవాడు. పదేళ్ల వయసు నుంచీ ఆయన పక్కన నిలబడి రాళ్లు అరగదీసి, సిరా పట్టించి పెరిగిన మనిషి గనక, కాయితం మీద పడింది రాతి అచ్చో లోహపు అచ్చో వేలితో తడిమి చెప్పగలదు. సంఘానికి ఆ వేలు కావాలి గాని ఆమె పేరు అక్కర్లేదు. ఆడవాళ్లకు అక్కడ సభ్యత్వమే లేదు.

ఈ ఉత్తరం 1843 మార్చి నాటిది. ఆ రోజుల్లో ఊళ్లో ఒక వీధి నుంచి ఇంకో వీధికి ఉత్తరం చేర్చే పని ప్రైవేటు కంపెనీలు చేసేవి, రెండు సెంట్లు పుచ్చుకుని, సొంత స్టాంపులు అంటించి. వాటిలో ప్రిచర్డ్ కంపెనీ ఏడాది కూడా నిలవలేదు. గులాబీరంగు కాయితం మీద నల్ల సిరాతో, సంచి తగిలించుకుని పరిగెత్తే మనిషి బొమ్మ దాని స్టాంపు. లోకం మొత్తం మీద అలాంటివి పదకొండే ఉన్నాయని టాట్నల్ తన పుస్తకంలో రాశాడు. అందులో అయిదు ఆయన ఆల్బంలోనే ఉన్నాయి.

ఇది పన్నెండోది. హెస్టర్ చీటీ మీద "అసలు" అని రాసి, కింద గీత కూడా గీసింది. ఇప్పుడు ఆ చీటీ టాట్నల్ చెత్తబుట్టలో ఉండలా పడి ఉంది.

మధ్యాహ్నం ఉత్తరం తాలూకు మనిషి వచ్చింది. లవీనియా ట్రెడ్‌వెల్. లొంబార్డ్ వీధి దగ్గరి నల్లవాళ్ల బడిలో ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నల్లజాతి టీచరు. చేతి తొడుగులు తీసి, ధ్రువపత్రం చదివి, ఉత్తరం వెనక్కి తిప్పి చూసింది.

"నా ఉత్తరం మీద ముద్ర ఎవరు కొట్టమన్నారు?"

గదిలోంచి టాట్నల్ పొగాకు పైపు చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. "అది సంఘం పద్ధతి లవీనియా. నకిలీని నకిలీ అని గుర్తు పెట్టకపోతే రేపు ఎవడికో అంటగడతారు."

"మిస్ ట్రెడ్‌వెల్ అనండి. అంటగట్టడానికి తేలేదు నేను. మా ముత్తాతకి ఆయన చెల్లెలు రాసిన ఉత్తరమిది. అది ఏ కంపెనీ స్టాంపో తెలుసుకుందామని తెచ్చాను."

"నీ మంచికే చెబుతున్నా. ఎవరో మీవాళ్లని మోసం చేశారు. ఈ నకిలీలు తర్వాతెప్పుడో బోస్టన్‌లో కొట్టారు, స్టాంపులు పోగేసే పిల్లకాయల కోసం. పాత కాయితం దొరికితే దాని మీద అంటించడం ఎంతసేపు?"

"మా ఇంటి బైబిల్లోంచి ఈ కాయితం ఎన్నడూ బయటికి రాలేదు. ఇంట్లోకొచ్చి అంటించి పోయాడా ఆ బోస్టన్ వాడు?"

టాట్నల్ నవ్వి, గడియారం చూసుకుని లోపలికి పోయాడు.

హెస్టర్ గొంతు తగ్గించి అంది. "మిస్ ట్రెడ్‌వెల్, మీది అసలుది. నేను చూశాను. అసలని చీటీ కూడా రాశాను."

లవీనియా ఆమె వంక చూసిన చూపులో కృతజ్ఞత లేదు. "రాశారు. రాసి ఇక్కడే కూర్చున్నారు. ఆయన ముద్ర కొడుతుంటే మీరెక్కడున్నారు?"

హెస్టర్‌కు చెంప మీద కొట్టినట్టయింది. ఆ సమయంలో ఆమె పక్క గదిలో ఆయన పుస్తకం రెండో కూర్పుకు తప్పులు దిద్దుతోంది.

"రెండు నెలలు ఆగండి. ఉత్తరం ఎవరికీ ఇవ్వకండి," అంది.

"ఎవరికీ ఇచ్చే ఉద్దేశం నాకు మొదటి నుంచీ లేదు," అని లవీనియా తొడుగులు వేసుకుని వెళ్లిపోయింది.

హెస్టర్ అప్పుడే ఇనప్పెట్టె తెరిచింది. టాట్నల్ ఆల్బం అందులోనే ఉంటుంది, తాళంచెవి ఆమె దగ్గరే. ఇన్నేళ్లలో ఆ అయిదు ప్రిచర్డ్ స్టాంపుల్ని ఆమె భూతద్దం కింద పెట్టి చూడలేదు. అధ్యక్షులవారివి ఎవరు చూస్తారు? ఇప్పుడు ఒక్కొక్కటీ పట్టకారుతో తీసి చూసింది. నాలుగు రోజుల క్రితం చూసిన లవీనియా ఉత్తరం మీది బొమ్మలో సంచి పట్టీ భుజం మీదుగా వెళ్లి సంచికి తగిలింది. వీటిలో పట్టీ రొమ్ము దగ్గరే తెగిపోయి, సంచి గాల్లో వేలాడుతోంది. అయిదింట్లోనూ అంతే. వెనక్కి తిప్పి వేలితో రుద్దింది. సన్నటి గరుకు తగిలింది. లోహపు అచ్చు కాయితాన్ని నొక్కితే వచ్చే గరుకు. రాతి అచ్చుకు అలా రాదు. పైగా కాయితం వెనక కూడా గులాబీరంగే. లవీనియా స్టాంపు మూల కొంచెం లేచి ఉంటే, కింద తెల్లగా కనబడింది. ముందు వైపు మాత్రమే రంగు పూసిన పాతకాలపు కాయితం అది.

ఆల్బం చంకన పెట్టుకుని నేరుగా టాట్నల్ గదిలోకి వెళ్లింది.

"సార్, నకిలీ ఆమెది కాదు. మీ అయిదూ నకిలీలు."

పైపు బల్ల మీద పెట్టి ఆయన ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "హెస్టర్, అయిదు ఒకలా ఉన్నాయి. ఒకటి వేరేగా ఉంది. దేన్ని నమ్మాలి?"

"అయిదూ ఒకే దిమ్మ మీద అచ్చయితే ఒకలాగే ఉంటాయి. మీవన్నీ విడి స్టాంపులు. ఆమెది ఉత్తరం మీద ఉంది. స్టాంపు మళ్లీ వాడకుండా కంపెనీ బంట్రోతు కలంతో కొట్టేసిన గీత స్టాంపు మీద మొదలై ఉత్తరం మీద దాకా పోయింది. ఆ సిరా, పై చిరునామా సిరా ఒకేలా వెలిశాయి. ఇంకేం కావాలి?"

"ఆలోచించి మాట్లాడు. పద్దెనిమిది వందల నలభై మూడులో ఆ మనిషి ముత్తాతకి ఉత్తరం రాసేదెవరు? చదివేదెవరు? దాని మీద స్టాంపు కూడానా!"

"మీరు ఆ ఉత్తరం చదివారా?"

"నేను స్టాంపులు చూస్తాను. ఉత్తరాలు చదవను."

హెస్టర్ చదివింది. లవీనియా ముత్తాత ఎబెనెజర్ ట్రెడ్‌వెల్ గొడుగులు చేసేవాడు. ఊళ్లో ఉత్తర దిక్కు కొసన ఉన్న చెల్లెలు కెజయా రాసింది: పిల్లాడికి జ్వరం దిగింది, నిన్న సూపు తాగాడు, ఆదివారం నువ్వొచ్చేటప్పుడు విరిగిన గొడుగు ఊచలు రెండు తీసుకురా, కత్తిలా చేసి ఆడుకుంటానని ప్రాణం తీస్తున్నాడు. అక్షరాలు పొందికగా, టాట్నల్ రాతకన్నా పొందికగా ఉన్నాయి. అసలు సంగతి ఇదన్నమాట. ఆయన స్టాంపు కూడా సరిగ్గా చూడలేదు. తెచ్చిన మనిషి ముఖం చూశాడు, తీర్పు చెప్పేశాడు. ఆమెకు వచ్చిన కోపంలో సగం తన మీదే.

"నీ పని చీటీలు రాయడం," అన్నాడు టాట్నల్. "ఆల్బం ఎక్కడిదక్కడ పెట్టు."

పెట్టింది. కాని ప్రతి శనివారం మధ్యాహ్నం సెలవు దొరగ్గానే, పాత వర్తకుల కాయితాలు దాచిన గ్రంథాలయానికి వెళ్లడం మొదలెట్టింది. ప్రిచర్డ్ కంపెనీ ఉత్తరాలు మోసిన పది నెలలూ ఏ దుకాణాలు ఊళ్లో ఉత్తరాలు అందుకున్నాయో వెతికి, కట్ట తరవాత కట్ట విప్పించింది. దుమ్ముకు తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రబడింది. ఆరో శనివారం ఒక నారబట్టల వ్యాపారి కట్టలో ప్రిచర్డ్ స్టాంపు ఉన్న ఉత్తరాలు రెండు దొరికాయి. నూరేళ్లుగా ఎవరూ ముడి విప్పని కట్ట. రెండింటి మీదా సంచి పట్టీ భుజం మీదుగా చక్కగా వెళ్లింది. రెండూ రాతి అచ్చే. గ్రంథాలయం వాళ్లను అడిగి ఫొటోలు తీయించింది.

నవంబరు నెల సమావేశానికి నలభై మంది మగవాళ్లు వచ్చారు. తాగడానికి సైడరు, తినడానికి ఉప్పు ప్రెట్జెళ్లు, పైన చుట్ట పొగ. హెస్టర్ లవీనియాను వెంటబెట్టుకుని వచ్చి, తెర మీద బొమ్మలు వేసే యంత్రం పక్కన నిలబడింది.

"సభ్యులు కానివాళ్లు మాట్లాడటానికి నిబంధనలు ఒప్పుకోవు," అన్నాడు టాట్నల్.

రెండో వరసలోంచి మందుల షాపు ష్మకర్ లేచాడు. లావాటి మనిషి. టాట్నల్ మాట నమ్మి, ఒక ప్రిచర్డ్ స్టాంపు కొనుక్కున్నవాడు. "నిబంధనలు తర్వాత చూద్దాం లార్డ్నర్. నా స్టాంపు సంగతేదో నాకు తెలియాలి. చెప్పనీ ఆమెని."

హెస్టర్ తెర మీద నాలుగు బొమ్మలు వేసింది. గ్రంథాలయంలో దొరికినవి రెండు, లవీనియాది ఒకటి, పుస్తకంలో టాట్నల్ అచ్చు వేయించుకున్నది ఒకటి. మూడింటికి పట్టీ సంచి దాకా ఉంది. నాలుగోదానికి రొమ్ము దగ్గరే తెగింది.

"ఈవిడ అచ్చు పనివాడి కూతురు. జీతానికి పనిచేసే మనిషి," అన్నాడు టాట్నల్ అందరి వంకా చూసి.

"అవును, అచ్చు పనివాడి కూతుర్నే. అందుకే నాకు తెలిసింది. మీరు వకీలు కొడుకు, అందుకే మీకు తెలీలేదు. ష్మకర్ గారూ, మీ స్టాంపు తెచ్చారా? వెనక వేలు పెట్టి రుద్దండి."

ష్మకర్ పర్సులోంచి స్టాంపు తీసి, కళ్లు మూసుకుని బొటనవేలితో రుద్దాడు. ఆయన మెడ మీదికి ఎరుపు పాకింది. "గరుగ్గా ఉందయ్యా," అన్నాడు. తర్వాత గట్టిగా, "లార్డ్నర్, గరుగ్గా ఉంది!"

"వేళ్లతో చదివే విద్య ఎక్కడా లేదు," అన్నాడు టాట్నల్. ఆయన ఆల్బం తెరవమని నలుగురు అడిగారు. తెరవలేదు. కోటు వేసుకుని వెళ్లిపోయాడు.

పది రోజులకు సంఘం నుంచి లవీనియాకు కొత్త ధ్రువపత్రం వచ్చింది. "పునఃపరిశీలన మీదట పై అభిప్రాయం సవరించడమైనది" అని ఒకే వాక్యం. ఆమె దాన్ని పట్టుకుని తిన్నగా సంఘానికి వచ్చి, టాట్నల్ గది తలుపు కొట్టకుండానే తీసింది.

"ఎవరు తప్పు చేశారు? ఎవరు సవరించారు? ఈ కాయితంలో మనుషులే లేరు."

"నీకు కావలసింది వచ్చిందిగా. ఆ మరక మాటా? మందు పెట్టి తీసే మనిషి ఉన్నాడు, పంపిస్తాను."

"కెజయా ట్రెడ్‌వెల్ ఉత్తరానికి మందు పెట్టనివ్వను. ఆ ముద్ర కింద మీరే రాయండి. 'ఇది నేను చూడకుండా కొట్టాను, తప్పు నాది' అని, మీ పేరుతో. కలం నేను తెచ్చాను."

కలం మూత తీసి బల్ల మీద పెట్టింది. టాట్నల్ దాని వంక చూశాడు. గుమ్మంలో నిలబడిన హెస్టర్ వంక చూశాడు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, వాళ్లకు వీపు పెట్టి కూర్చున్నాడు. రాయలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత బతికిన ఆరేళ్లలోనూ రాయలేదు.

హెస్టర్ తాళంచెవుల గుత్తి ఆయన బల్ల మీద, సరిగ్గా మోచేతి దగ్గర పడేసింది. పద్నాలుగేళ్లకు ఆ చప్పుడు చాలలేదనిపించింది. లవీనియాతో కలిసి మెట్లు దిగేటప్పుడు ఇద్దరూ ఒకే మాటతో తిట్టారు. తిట్టాక ఒకరినొకరు చూసుకున్నారు గాని నవ్వలేదు.

తండ్రి పోయాక నేలమాళిగలో మిగిలిన రాయి ఒకటుంది. దాన్ని అరగదీసి, హెస్టర్ రెండు స్టాంపులూ అరచేయంత పెద్దవి చేసి పక్కపక్కన గీసింది. కింద ఎలా పోల్చుకోవాలో రాసింది. ఎవరి ఉత్తరం వల్ల బయటపడిందో రాసింది. ఎవరు ఎందుకు నకిలీ అన్నారో కూడా రాసి, చివర తన పూర్తి పేరు పెట్టింది. టాట్నల్ పుస్తకం కొన్న మూడు వందల పన్నెండు మంది చిరునామాలూ ఆమెకు తెలుసు. అవన్నీ టైపు కొట్టింది తనే. లవీనియా ఆదివారం చర్చి నుంచి వచ్చి, కాయితాలు మడతపెట్టింది.

జవాబులు రావడం మొదలైంది. ఒకాయన అబద్ధాలకోరన్నాడు. ఒకాయన పెళ్లి కాని ఆడవాళ్ల కసి ఇలాగే ఉంటుందన్నాడు. సెయింట్ లూయీ పళ్ల డాక్టరు ఒకాయన రెండు పేజీల నిండా తిట్టి, చివర ఒక వాక్యం చేర్చాడు: మీ మాట ఒక్కటీ నమ్మను, అయినా నా ప్రిచర్డ్ స్టాంపు దీంతో పంపుతున్నాను, చూసి చెప్పగలరు.

లవీనియా అది పైకి చదివి, "దీనికి కూడా జవాబు రాస్తావా?" అంది.

"రాస్తాను."

"కోపం తగ్గిందా ఏం?"

"లేదు," అంది హెస్టర్. దీపం దగ్గరికి లాక్కుని, పళ్ల డాక్టరు స్టాంపును వెనక్కి తిప్పి వేలు పెట్టింది. గరుకు. కలం తీసుకుని ఆయనకు మూడే ముక్కలు రాసింది: మీ స్టాంపు నకిలీ. మర్యాద మాటలేవీ కలపలేదు.